ఆ మూడు శాతం మంది ఎక్కడా లేరు

ఏప్రిల్‌లో అప్రైజల్ ఫారాలు వచ్చే వేళకు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఈ కథ తప్పకుండా ప్రత్యక్షమవుతుంది: 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నవారిలో 3 శాతం మందే తమ లక్ష్యాలు రాసి పెట్టుకున్నారట. ఇరవై ఏళ్లకు వాళ్ల ఆస్తి మిగతా 97 శాతం మంది ఆస్తిని మించిపోయిందట. కాబట్టి మీ లక్ష్యం మీరే పెట్టుకోండి, రాసుకోండి, ఉత్సాహం దానంతటదే వస్తుంది!

అసలు ఆ అధ్యయనమే జరగలేదు. 1996లో ఫాస్ట్ కంపెనీ పత్రిక ఆరా తీస్తే, ఈ కథ చెప్పే వక్తలు ఒకరినొకరు చూపించుకున్నారు. యేల్‌లో ఆధారమే దొరకలేదు. కొన్ని ఫార్వర్డుల్లో యేల్ కాస్తా హార్వర్డ్, 1953 కాస్తా 1979 అవుతాయి. శాతాలు మాత్రం చెక్కుచెదరవు.

‘రాసుకుంటే చాలు’ అన్న మాటకు నిజంగా జరిగిన ప్రయోగమే జవాబు. అమెరికాలోని ఓక్లహోమాలో దుంగలు మోసే లారీలు చట్టం అనుమతించే బరువులో 60 శాతం దగ్గరే ఆగిపోయేవి. దుంగలన్నీ ఒక్క లావు ఉండవు, బరువు డ్రైవరు కంటితో అంచనా కట్టాల్సిందే. ‘శాయశక్తులా నింపండి’ అంటే ఫలితం లేకపోయింది. 94 శాతం అని కచ్చితమైన అంకె చెప్పి, అందుకోకపోయినా శిక్ష ఉండదని మాటిచ్చాక లోడు క్రమంగా 90 శాతం దాటింది, తొమ్మిది నెలల పరిశీలన ముగిసేదాకా అక్కడే నిలిచింది. పైసా అదనంగా ఇవ్వలేదు. పరిశోధకులు లాథమ్, బాల్డెస్ దీన్ని 1975లో ప్రచురించారు. తమాషా ఏమిటంటే, కొందరు డ్రైవర్లు జేబు పుస్తకాలు పెట్టుకుని నిజంగానే రాసుకున్నారు. లక్ష్యాన్ని కాదు, ఏ ట్రిప్పులో ఎంత బరువు తూగిందో.

ఇక ‘ఎవరి లక్ష్యం వారే పెట్టుకోవాలి’ అన్నది. దీని మీద లాథమ్‌కూ ఇజ్రాయెల్ పరిశోధకురాలు మిరియం ఎరెజ్‌కూ ఫలితాలు ఒకదానికొకటి విరుద్ధంగా వచ్చాయి. ఇద్దరూ కలిసి పరీక్షించుకుని 1988లో ప్రచురించిన ఫలితాల్లో తేడా మాటల దగ్గర తేలింది. ఎరెజ్ ప్రయోగాల్లో లక్ష్యాన్ని ముక్తసరిగా అప్పజెప్పేవారు, లాథమ్ ప్రయోగాల్లో కారణం చెప్పేవారు. కారణం చెబితే పైవాళ్లు పెట్టిన లక్ష్యమూ దాదాపు అంతే బాగా పనిచేసింది.

పోయిన ఏప్రిల్‌లో నాకొచ్చిన లక్ష్యం: ‘ఫిర్యాదులకు 24 గంటల్లో జవాబు’. ఎందుకో అక్టోబరులో తెలిసింది, అదీ టీ బండి దగ్గర. ఆలస్యమైతే అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తాడు, ఒక ఫిర్యాదు రెండుగా నమోదై పని మన నెత్తినే పడుతుంది. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే ఆరు నెలలపాటు ఆ గడువును తిట్టుకునేవాణ్ని కాదు.