మహారాజశ్రీ ఊఁ గారి సముఖానికి

మహారాజశ్రీ ఊఁ గారికి,

నల్లగొండ నుంచి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. కథలు చెప్పే అవ్వలు పోయారు. వినాల్సిన పిల్లల చేతికి ఫోన్లు వచ్చాయి. అరుగులు పగలగొట్టి షట్టర్లు దించారు. మీరు మాత్రం చెక్కుచెదరలేదు. కథల శాఖలో ఇంకా ఉద్యోగం మిగిలిన మనిషి ఈ జిల్లాలో మీరొక్కరే కాబట్టి నా ఫిర్యాదు కూడా మీ మీదే.

మీ కొలువేమిటో ఎరగని వాళ్ల కోసం రెండు ముక్కలు. మా దేవరకొండ వైపు పల్లెల్లో రాత్రి పూట కథ చెప్పే మనిషి ప్రతి మాటకీ ఒకసారి ఆగుతుంది. వినేవాడు ఊఁ అంటేనే కథ ముందుకు కదులుతుంది. అనకపోతే చీకట్లోంచి ప్రశ్న వస్తుంది: "ఊఁ కొడుతున్నవా, పండుకున్నవా?" ఊఁ గట్టిగా పలికితే ఇంకో రాక్షసుడు దిగుతాడు. సాగదీసి పలికితే రాకుమారుడు ఏడు రోజుల అడవిని ఒక్క ముక్కలో దాటేస్తాడు. అసలే పలకకపోతే కథ కంచికి. నల్లగొండ జిల్లా కథ అంత దూరం కంచికి ఎందుకు పోవాలో కూడా మీరు ఎన్నడూ అడగలేదు.

నా గొడవంతా అదే. మీరు ఏదీ అడగలేదు.

రాజుకు ఏడుగురు భార్యలు. ఊఁ. ఏడుగురికీ పిల్లలు లేరు. ఊఁ. ఏడుగురిలోనూ లోపం ఉందనుకున్న ఆ రాజ్యంలో, రాజుగారిని కూడా ఒకసారి వైద్యుడికి చూపిద్దామని ఏ మంత్రీ అనలేదు, మీరూ అనలేదు. ముని వచ్చి మామిడిపండు ఇచ్చాడు. ఊఁ. పెద్ద భార్యలు ఆరుగురూ గుజ్జు తినేసి టెంక చిన్నదానికి పడేశారు. ఊఁ. టెంక చీకిన చిన్నదానికి కొడుకు పుట్టాడు. ఊఁ. పురిట్లోంచి బిడ్డను మాయం చేసి ఆ చోట రోకలిబండ పెట్టారు. ఊఁ. రాణిగారికి రోకలి పుట్టిందని చెబితే రాజు నమ్మాడు. ఊఁ!

అయ్యా, ఇక్కడైనా ఒక దగ్గు దగ్గాల్సింది. నమ్మినవాడు ఊరుకోలేదు, చిన్న రాణిని కాకులు తోలే పనికి పెట్టాడు. దానికీ మీ ఊఁ పడింది. ఇంత నమ్మకస్తుడు ఏలిన రాజ్యంలో భూముల రికార్డులు ఎంత బాగా నడిచి ఉంటాయో నేను ఊహించుకోగలను.

ఇక కొడుకుల సంగతి. ఏడుగురు కొడుకులుంటే పెద్దవాళ్లు ఆరుగురూ మొద్దులు, ఈర్ష్యాళువులు, పిరికివాళ్లు. చిట్టచివరి వాడు ధీరుడు. మా ఇంట్లో నేను పెద్దవాణ్ని. మా అవ్వ చెప్పిన ప్రతి కథలో నాకు దక్కిన వేషం ఒకటే, బావిలో దిగిన తమ్ముడి తాడు కోసేవాడు. ఆ కథలకు నా పక్కనే పడుకుని మా తమ్ముడు ఎంత హుషారుగా ఊఁ కొట్టేవాడో మీకు తెలుసు, ఆ గొంతులో ఉన్నది మీరే కదా. వాడు ఇవాళ్టికీ నాతో పొలానికి వస్తే బోరుబావికి అవతలి గట్టు మీద నడుస్తాడు.

పైగా ఆ కథల్లో ఆరుగురు దేశాంతరం పోయి ఓడి వస్తే ఏడోవాడు గెలిచి వస్తాడు. మా పక్కనున్న పాలమూరులో ఏడుగురూ బొంబాయి బస్సెక్కారు. అక్కడ పెద్దా చిన్నా తేడా లేదు, అందరికీ అదే సెంట్రింగ్ పని, అదే షెడ్డు. ఇంటి దగ్గర ముసలమ్మ ఒక్కతే మిగిలింది. ఈ కథకు మీరు ఊఁ అనగా నేను వినలేదు. ఇందులో రాకుమారి లేదు కాబట్టి కావచ్చు.

ముసలమ్మ అంటే గుర్తొచ్చింది, పేదరాశి పెద్దమ్మ. ఊరి చివర ఇల్లు, ఎవరొచ్చినా చోటుంటుంది, అద్దె అడగదు, ఆధార్ అడగదు, అన్నం వండి పెడుతుంది. రాకుమారి ఏ కిటికీ దగ్గర ఎప్పుడు నిలబడుతుందో, ఊరి మీద పడ్డ రాక్షసుడి వంతు ఇవాళ ఏ ఇంటిదో అన్నీ ఆమెకే తెలుసు. ఇంత సమాచారం చేతిలో ఉన్న మనిషి ఇంకా పూరింట్లోనే ఎందుకుంది? పెళ్లయ్యాక ఒక్క రాకుమారుడైనా వెనక్కి వచ్చి ఇల్లు రిపేరు చేయించాడా? మీరు అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

మీరు అడగని ఈ మనుషులను పడమటి పండితులు మాత్రం ఓపికగా లెక్కపెట్టారు. డెన్మార్క్‌లో ఆక్సెల్ ఓల్రిక్ అనే ఆయన 1909లోనే అన్నాడు, ఈ కథల్లో ఏదైనా మూడు సార్లు జరుగుతుంది, కడసారివాడిదే గెలుపు అని. మూడుతో మనకు కడుపు నిండదు, ఏడు కావాలి. రష్యాలో వ్లదీమిర్ ప్రాప్ నూరు అద్భుత కథలు ముందేసుకుని 1928లో ఒక పుస్తకం రాశాడు. రాజులు మారతారు, రాక్షసులు మారతారు, జరిగే పనులు మాత్రం మొత్తం 31 అన్నాడు. ఆ పనులు చేసే పాత్రలు ఏడే అన్నాడు. అక్కడా ఏడు వచ్చేసరికి నాకు మహా సంతోషం వేసింది. ఆ ఏడింటిలో మన పెద్దమ్మకు దాత అని మంచి ఉద్యోగమే దొరికింది. నాలాంటి పెద్దకొడుకులను నకిలీ నాయకుడి కోటాలో వేశారు. అమెరికాలో స్టిత్ థాంప్సన్ ఇంకా ముందుకు పోయి, కథల్లో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలన్నిటికీ నంబర్లు వేసి ఆరు సంపుటాలు నింపాడు. గెలిచే చిన్నకొడుకు ఎల్ 10. సాయం చేసే ముసలమ్మ ఎన్ 825.3. ఒంట్లో కాక వేరే చోట దాచుకున్న ప్రాణం ఈ 710.

ప్రాప్ గారి ఏడు పాత్రల్లో మీరు లేరు. ఆయన ముందున్నవి అచ్చు కథలు. ఎంత ఓపికగల సంకలనకర్త అయినా మాట మాటకీ ఊఁ, ఊఁ అని అచ్చు వేయడు కదా.

అలాగని మీకు పరువు దక్కలేదని కాదు. పురాణానికీ ఐతిహ్యానికీ ఉత్త కథకూ తేడా ఎలా తేల్చాలని 1965లో విలియం బాస్కమ్ వ్యాసం రాశాడు. ఆ జనం దాన్ని నిజమని నమ్ముతున్నారా, పవిత్రమని దండం పెడుతున్నారా, కాలక్షేపానికి వింటున్నారా, అది చూడమన్నాడు. ఆ పని మీరు మా అరుగుల మీద ఏ డాక్టరేటూ లేకుండా ఎప్పటినుంచో చేస్తున్నారు. రాకుమారుడికి మీరు పడుకుని పలుకుతారు. పండుగ సాయన్నకు లేచి కూర్చుంటారు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన ఆ పాలమూరు వీరుడి కథ దర్శనం మొగులయ్య కిన్నెర మీద పాడుతుంటే (ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది) వట్టి ఊఁతో ఎవరూ సరిపెట్టరు. "ఔ, మా తాత చెప్పెటోడు" అని పక్కనుంచి ఒక సాక్షి కూడా లేస్తాడు. అదే సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతరలో మీకు చోటే లేదు. అక్కడ "ఓ లింగా!" అని గుట్ట దద్దరిల్లాలి.

ఒకప్పుడు మీకు ఖరీదు కూడా ఉండేది. పోచంపల్లి వైపు కూనపులి వాళ్లు పటం విప్పి, భావనారుషి తామర తూళ్ల నారతో బట్ట నేసిన కథ చెబితే ఊఁ కొట్టే హక్కు పద్మశాలీలది. మందహెచ్చుల వాళ్లు బొమ్మలు నిలబెట్టి కాటమరాజు కథ చెబితే గొల్లలది. కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెబితే ముదిరాజులది. పక్క కులం వాడు నిలబడి వింటే ఎవరూ వద్దనరు, కానీ ఊఁ అన్నవాళ్లే వడ్లు కొలవాలి. మిరాశీ ఊళ్లలో తరతరాలుగా నడిచిన లెక్క అది. ఊఁ అనడమంటే ఆ కథ మాదే అని ఒప్పుకుని, చెప్పినవాడి తిండి బాధ్యత నెత్తిన వేసుకోవడం. ఆలోచించి అనేవాళ్లు.

మిమ్మల్ని గడప తొక్కనివ్వని కథలు కూడా ఉన్నాయి, బేతాళుడివి. విక్రమార్కుడు నోరు తెరిస్తే శవం మళ్లీ చెట్టెక్కుతుంది, జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. పొరపాటున ఊఁ అని ఉంటే మహారాజు పని మధ్యలోనే ఆఖరయ్యేది. పొడుపు కథకూ మీరు పనికిరారు. అక్కడ విప్పాలి, లేదా ఓడానని ఒప్పుకోవాలి.

ఒగ్గు కథ దగ్గర మిమ్మల్ని చూసినప్పుడల్లా నాకు జాలి. మల్లన్న పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి, బియ్యప్పిండి గుప్పిట్లోంచి సన్నగా జారుతుంటే నేల మీద గళ్లు లేస్తాయి. పక్కన డోలు, తాళాలు, ఒగ్గు అనే డమరుకం. ప్రధాన కథకుడు భుజం మీది గుడ్డ నెత్తిన కప్పుకుంటే గొల్ల కేతమ్మ, నడుముకు బిగిస్తే మల్లన్న. అతని పక్కన వంతగాడు ఉంటాడు. ఉద్యోగ ధర్మంగా చూస్తే అతను మీ బంధువే, మాట మాటకీ పలకాలి. కానీ ఎలా పలుకుతాడు?

"రాజుకు ఏడుగురు భార్యలు."

"ఏడుగురికీ కలిపి ఒకటే రేషన్ కార్డా, తలా ఒకటా?"

జనం గొల్లుమంటారు. కథకుడు కోపం నటిస్తాడు, డోలు మీద ఒక దెబ్బ పడుతుంది, ఆ ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెప్పి తీరాల్సిందే. దేవుడి కథే కావచ్చు, మల్లన్నకు కేతమ్మతో, బలిజ మేడలమ్మతో ఇద్దరితో వేగాల్సి వచ్చినప్పుడు ఆయనను కూడా వంతగాడు వదలడు. భక్తి ఎక్కడా తగ్గదు, కథ ఎక్కడా ఆగదు. మధ్యలో అడ్డం తగిలితే కథ చెడుతుందని మాకు నేర్పిన మీరు ఆ రాత్రిళ్లు ఎక్కడ కూర్చున్నారో!

ఇప్పుడు మీ కొత్త ఉద్యోగం సంగతికి వస్తాను. చౌటుప్పల్ వైపు రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందని తెలిసిన రోజు నుంచి మీకు చేతినిండా పని. మా బామ్మర్ది ఆ మధ్య నన్ను ఒక వెంచర్ వాళ్ల మీటింగుకు తీసుకుపోయాడు. ఏసీ హాలు, సమోసా, తెర మీద బొమ్మలు. టై కట్టుకున్న కుర్రాడు మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. అనగనగా ఒక ఆటో డ్రైవర్, చేతిలో నాలుగు రాళ్లు లేవు. హాలంతా ఊఁ. ఎవరూ పోని దిక్కుకు పోయి, ఎవరూ కొనని భూమి కొన్నాడు. ఊఁ. ఇవాళ కోటీశ్వరుడు. ఊఁ. చిన్నకొడుకు, వద్దన్న దిక్కు, ముని ఇచ్చిన పండు అన్నీ వరసగా వచ్చాయి. ప్రాప్ గారిని పిలిచి ఉంటే వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. ఆఖరుకు, ఇంకా రెండే ప్లాట్లు మిగిలాయి, సూర్యాస్తమయం లోపల టోకెన్ అమౌంట్ కట్టాలన్నాడు. పక్కకు తిరిగితే మా బామ్మర్ది కళ్లు అర్ధనిమీలితం, తల ఊగుతోంది, గొంతులో మీరు.

బాలనాగమ్మ కథకు కూడా మీరు ఊఁ కొట్టినవారే. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందని మనకెలా తెలిసింది? బాలనాగమ్మ అడిగింది. ఎత్తుకుపోయినవాడి చెరలో కూర్చుని, మెల్లగా మాటల్లో పెట్టి, నీ ప్రాణం ఎక్కడుందయ్యా అని అడిగింది. అడిగింది కాబట్టి కొడుకు పోయి చిలుక మెడ విరిచాడు. పెద్దమ్మ ఇంట్లో దిగిన రాకుమారుడు కూడా అంతే, ఎందుకేడుస్తున్నవు పెద్దమ్మా అని అడిగాకే కథ కదులుతుంది. కథ లోపలున్న వాళ్లందరూ అడిగారు. బయట పడుకుని విన్న మేమే ఊఁ నేర్చుకున్నాం.

ఆ ప్లాటు ప్రాణం లింకు డాక్యుమెంటులో, అంటే ఆ భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత కాగితంలో ఉంటుంది. అది ఏ సముద్రం అవతల, ఏ చెట్టు తొర్రలో, ఎవరి బీరువాలో ఉందని ఆ హాల్లో ఒక్కరూ అడగలేదు. నేను అడగబోతే "బావా, ఊకో, మధ్యల అడ్డం రాకు" అని మా బామ్మర్ది మోచేత్తో పొడిచాడు. మా అవ్వ కూడా ఇంత గట్టిగా పొడవలేదు.

వచ్చే ఆదివారం పొద్దున్నే క్లాక్ టవర్ దగ్గరికి వాళ్ల బస్సు వస్తుందట, సైట్ విజిట్‌కు. పోనురాను చార్జీ లేదు, మధ్యాహ్నం బిర్యానీ. బామ్మర్ది మూడు సీట్లు చెప్పి పెట్టాడు, ఒకటి నాకు, ఒకటి వాడికి, మూడోది వాళ్లావిడకు. ఆమెకు ఆ రోజు డ్వాక్రా మీటింగు ఉంది, రాదు. తన సీటు ఎలాగూ ఖాళీయే కదా అని మీరు ఎక్కి కూర్చోవద్దు. మీరు ఇంట్లోనే ఉండండి. ఆ సీటుకు ఒగ్గు కథ వంతగాణ్ని ఒకరిని మాట్లాడి పెట్టాను. డోలు కూడా తెచ్చుకుంటానన్నాడు.

ఇట్లు,
తమ్ముణ్ని ఇప్పటివరకు ఏ బావిలోనూ తోయని ఒక పెద్దకొడుకు,
నల్లగొండ