హాల్లోంచి కారులోకి వెళ్ళిపోయిన స్టీరియో

"ఈ తరానికి చెవులు లేవు, ధ్వనిని కుదించిన ఎంపీ3 పాటలు విని విని పాడైపోయాయి" అంటూ ఖరీదైన స్టీరియోల వీరాభిమానులు శోకాలు పెడుతుంటే ఒళ్ళు మండుతుంది. చెవులకు ఏమీ కాలేదు. పోయింది, కూర్చుని వినే చోటు.

రెండు స్పీకర్లూ, వినే మనిషీ కలిసి త్రిభుజంగా కుదిరితేనే స్టీరియో. స్పీకర్లు గోడకు కాస్త ఎడంగా, మనిషి సరిగ్గా మధ్యలో ఉండాలి. అప్పుడు గొంతు ఆ పెట్టెల్లోంచి కాకుండా, ఏమీ లేని నడిమి చోటునుంచి వినిపిస్తుంది. 1931లో బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది ఈ మాయకే. దానికి ఒక కుర్చీ కావాలి, కదలకుండా కూర్చునే తీరిక కావాలి. హాలు నడిమి చోటును టీవీ ఆక్రమించింది, తీరికను ఫోను మింగేసింది. ఇల్లు సర్దుకుంటూ అటూ ఇటూ తిరిగే మనిషికి ఎడమేమిటి, కుడేమిటి? మూలన ఒక బ్లూటూత్ స్పీకరు చాలు. అందులో తప్పేమీ లేదు.

నా కోపమంతా ఆ ఖరీదైన స్టీరియోల కంపెనీల మీద. గరగరలు లేని ఆంప్లిఫయర్ తయారు చేయడం ఒకప్పుడు నిజంగా కష్టం, కాబట్టి ధరకో అర్థం ఉండేది. ఇప్పుడా పని చవక చిప్పులు చేస్తున్నాయి. 1982లో సీడీ తెచ్చిన నాణ్యతను, అంతకు మించినదాన్ని కూడా యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి అదనపు రుసుము లేకుండానే ఇస్తోంది. (మధ్యలో బ్లూటూత్ దాన్ని మళ్ళీ కుదించేస్తుంది, అది వేరే గొడవ.) నాణ్యత ఇలా అందరికీ అందుతున్నప్పుడు కొత్త శ్రోతలను వెతుక్కోవాలి కదా? అది మానేసి, ఉన్న కొద్దిమందికే బొటనవేలంత లావు కేబుళ్ళూ, మందపాటి అల్యూమినియం పలకలూ నగల్లా అమ్ముకున్నారు.

చివరికి ఏమైంది? మార్క్ లెవిన్సన్, జేబీఎల్ వంటి ఆడియో బ్రాండ్లున్న హర్మన్ కంపెనీని 2017లో శామ్‌సంగ్ కొనేసింది. హర్మన్ అమ్మకాల్లో సగానికి పైగా అప్పటికే కార్లకు సంబంధించినవి. 1949లో పుట్టిన ఆంప్లిఫయర్ల కంపెనీ మెకింతోష్ 2024లో మరో ఆడియో కంపెనీ బోస్ చేతికి వెళ్ళింది. ఖరీదైన స్టీరియోల్లో పేరున్న బర్మెస్టర్ మెర్సిడెస్ కార్ల తలుపుల మీద, బోవర్స్ అండ్ విల్కిన్స్ బీఎండబ్ల్యూ కార్ల తలుపుల మీద కనిపిస్తున్నాయి. కారులో రోడ్డు రొద ఒకవైపు, డ్రైవరు ఎప్పుడూ ఒక పక్కకే కూర్చునే అవస్థ మరోవైపు. దగ్గరి స్పీకరు ధ్వనిని కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యం చేసి లెక్క సరిచేయాలి. అయినా అక్కడే ఎందుకు కుదిరింది? సీటు కదలదు, స్పీకర్లను ఎవరూ పక్కకు జరపరు, లేచి వెళ్ళే వీలూ లేదు.

ఎల్పీలు, అంటే పాతకాలపు గ్రామఫోను రికార్డులు, తిరిగొచ్చాయంటారా? వచ్చాయి. 1986 తరువాత మొదటిసారిగా 2020లో అమెరికాలో సీడీల రాబడిని దాటాయి. ధ్వని గొప్పదని కాదు, ఇరవై నిమిషాలకోసారి లేచి పళ్ళెం తిరగేయాలి కనుక మనసు పాట మీదే ఉంటుంది.

చిప్పులు మార్చలేనిది ఒక్కటే ఉంది. లోతైన బాస్, అంటే గుండెలదిరే మంద్ర ధ్వని, రావాలంటే చాలా గాలి కదలాలి, అరచేతిలో ఇమిడే స్పీకరు ఎంత తెలివైనదైనా అంత గాలిని కదపలేదు. డబ్బుంటే పెద్ద స్పీకర్లకు పెట్టండి, మిగిలితే గదిలో ప్రతిధ్వని తగ్గేలా తివాచీకీ, మందపాటి కర్టెన్లకూ పెట్టండి. కేబుళ్ళ మహిమ చెప్పడానికి వచ్చేవారు మాత్రం ముందు కళ్ళకు గంతలు కట్టుకుని, ఏది ఏదో గుర్తుపట్టి, ఆ తరువాత వాదనకు రండి.