768లో 20 శాతం ఎంతండీ?

పొద్దున్నే మా బెంగళూరు మారతహళ్లి తెలుగువాళ్ల గ్రూపులో ఒక సార్ రాసిన రీసెర్చ్ పేపర్ మొదటి పేజీ ఫొటో పడింది. డయాబెటిస్‌ని ముందే పసిగట్టే ఏఐ అట, 99.5 శాతం కచ్చితత్వం అట. కింద పూలగుత్తులు, చప్పట్లు, "మన తెలుగువాళ్లకే గర్వకారణం సార్" అని వరస. లింకు తెరిచి చదివి నేనడిగింది ఒక్కటే ముక్క: "సార్, మోడల్‌ని పరీక్షించడానికి 20 శాతం మందిని పక్కన పెట్టామని, ఆ టెస్ట్ సెట్ 200 అని రాశారు. మీ డేటాలో ఉన్నవే 768 వరసలు. అందులో 20 శాతమంటే 154 కదా, మిగతా 46 మంది ఎక్కడ్నుంచి వచ్చారు?"

అంతే. "నెగెటివిటీ వద్దు బ్రో" అని ఒకాయన. "చేతనైతే నువ్వొకటి రాయి" అని ఇంకొకాయన. అడ్మిన్ గారు వేంకటేశ్వరస్వామి ఫొటో పెట్టి టాపిక్ మార్చేశారు. స్వామివారి మీద అరవలేం కాబట్టి ఇక్కడ అరుస్తున్నా.

ఆ 46 మంది ఎక్కడివాళ్లో నేనే చెప్తా. వీళ్లు వాడిన పిమా డేటా, డయాబెటిస్ లెక్కలకి అందరూ వాడే పాత పట్టిక, ఈ ఫీల్డులో తిరిగేవాళ్లందరికీ తెలిసిందే. 768 మంది, 500 మందికి జబ్బు లేదు, 268 మందికి ఉంది. లెక్క సమానం కాలేదని స్మోట్ వాడతారు. 2002లో వచ్చిన పద్ధతి, పద్ధతిలో తప్పేమీ లేదు. జబ్బున్న ఒకామెని తీసుకుని, ఆమెకి దగ్గరి పోలికలున్న ఐదుగురిలో ఒకర్ని పట్టుకుని, ఇద్దరి మధ్యా గీత గీసి, ఆ గీత మీద ఎక్కడో ఒక చోట కొత్త మనిషిని పుట్టిస్తుంది. అలా 232 మందిని పుట్టిస్తే 500, 500 సమానమై మొత్తం వెయ్యి. వెయ్యిలో 20 శాతం 200. దొరికిందా దొంగ? ముందు మనుషుల్ని పుట్టించి, ఆ తర్వాత ట్రైనింగు (మోడల్‌కి నేర్పే భాగం), టెస్టు విడదీశారు. అంటే టెస్టులో కూర్చున్న ఆమె పోలికతో పుట్టిన కవలలు అప్పటికే ట్రైనింగులో ఉన్నారు. టెస్టులోనూ కొందరు అసలు భూమ్మీద పుట్టనివాళ్లే. పూర్ణాంకాలకి తిప్పకపోతే వాళ్లలో ఒకామెకి గర్భాలు 4.6 అని కూడా ఉంటుంది, చూసుకోండి. పరీక్షకి ముందు రోజు రాత్రి ప్రశ్నపత్రం చేతికొస్తే ఎవడికైనా 99 వస్తుంది. మన రాష్ట్రాల్లో దానికి అరెస్టులవుతాయి, ఇక్కడ శాలువాలు.

ఇంకా అయిపోలేదు. ఫ్లోచార్టులో ఒక చిన్న డబ్బా ఉంది: "మిస్సింగ్ విలువలను క్లాసు మీడియన్‌తో నింపాము." అంటే జబ్బున్నవాళ్ల ఖాళీల్లో జబ్బున్నవాళ్ల మధ్య విలువ, లేనివాళ్ల ఖాళీల్లో లేనివాళ్లది. ఈ డేటాలో 374 మందికి ఇన్సులిన్ సున్నా. 35 మందికి బీపీ సున్నా, అంటే కొలవలేదని అర్థం, పోయారని కాదు. ఆ 374 ఖాళీల్లో జబ్బు లేనివాళ్లకి 102.5, ఉన్నవాళ్లకి 169.5 పెట్టారు. నెట్‌లో ఎవరో పెట్టిన కోడ్ తరతరాలుగా ఇలాగే కాపీ అవుతోంది. అసలు కాలమ్‌లో ఒక్క దశాంశం కూడా లేదు. ఆ .5 చూస్తే చాలు, అవునా కాదా అని ప్రశ్నలడుగుతూ తేల్చే డెసిషన్ ట్రీ మోడల్ నిద్రలో కూడా జవాబు చెప్తుంది. సగం క్లాసు నుదుటి మీద మార్కులు రాసి పెట్టి, మోడల్ బ్రహ్మాండంగా దిద్దిందని మెచ్చుకోవడమన్నమాట.

చేయాల్సింది ఏమంత బ్రహ్మవిద్య? ముందు విడదీయాలి. ఖాళీలు నింపే మీడియన్ ట్రైనింగు భాగం నుంచే, జబ్బు కాలమ్ వైపు చూడకుండా తీయాలి. అంకెల్ని ఒకే కొలతకి తెచ్చే స్కేలింగైనా స్మోటైనా క్రాస్ వ్యాలిడేషన్‌లో (డేటాని మడతలుగా విడగొట్టి వంతులవారీగా పరీక్షించడంలో) ప్రతి మడత లోపలే జరగాలి, టెస్టు వరసల నుంచి ఏదీ తీసుకోకూడదు. ఈ మెట్లన్నీ వరసగా నడిపే పైప్‌లైన్‌లో పెడితే పది లైన్ల కోడ్. అలా చేస్తే మాత్రం స్కోరు 75, 78 దగ్గర చతికిలబడుతుంది, అదీ బాధ. ఇదే డేటా మీద 1988లో వచ్చిన పేపర్‌లో 576 మందితో నేర్పించి 192 మంది మీద పరీక్షిస్తే 76 శాతం వచ్చింది. ఊరికే "అందరికీ లేదు" అని చెప్పే రాయికి కూడా 65 వస్తుందండీ, 500ని 768తో భాగించండి.

అసలు మండింది ఇక్కడ కాదు. ఇంట్రోలో ఏం రాశారో తెలుసా? "భారతీయ మహిళల నుంచి సేకరించిన డేటా" అని. ఇండియన్స్ అని ఉంది కదా మరి! అయ్యా, పిమా అనేది అమెరికాలో, అరిజోనాలో, ఫీనిక్స్ దగ్గరుండే ఒక తెగ. 21 ఏళ్లు నిండిన ఆడవాళ్లు. కొలంబస్ చేసిన పొరపాటునే మనవాళ్లు 500 ఏళ్ల తర్వాత తిరగేసి చేశారు. గైడు చదివారట, రివ్యూయర్లు ఇద్దరు చదివారట, బెస్ట్ పేపర్ అవార్డు ఇచ్చిన కమిటీ చదివిందట. ఇంతమంది చదివితే కొలంబస్ ఒక్కడికీ కనబడలేదు.

దీని మీద ఒక యాప్ కూడా కట్టారు, డెమో లింకు పేపర్ చివర్లోనే ఉంది. మొదటి ప్రశ్న: గర్భాలు ఎన్ని? నేను మగాణ్ణి. సున్నా అన్నా. తర్వాత గ్లూకోజ్. ఆ కాలమ్‌లోది గ్లూకోజ్ తాగించి రెండు గంటలాగి చూసిన రీడింగ్, మనవాళ్లు పరగడుపు రీడింగ్ కొడతారు, యాప్ నోరెత్తదు. డేటాలో ఆ కాలమ్ 199 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే 200 చేరితే ఆ పరీక్షతోనే డయాబెటిస్ అని తేలిపోతుంది, ఇక జోస్యం దేనికి? ఆ తర్వాత "డయాబెటిస్ పెడిగ్రీ ఫంక్షన్", అంటే చుట్టాల్లో ఎవరికి షుగరుందో చూసి కట్టిన అంకె, ఎంత అని అడిగింది. పక్కన ఉదాహరణ: 0.627. డేటాలో మొదటి వరసలో ఉన్న అంకె అది, అలాగే దించేశారు. కృష్ణరాజపురంలో కిరాణా కొట్టు నడిపే మనిషి తన పెడిగ్రీ ఫంక్షన్ ఎక్కడ చూసుకోవాలి, ఆధార్ కార్డు వెనకాలా?

పక్కనే చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు నిజంగా మన మనుషుల్ని చూసి, 2005లోనే నాలుగు ప్రశ్నల స్కోరు ఇచ్చారు. వయసు 35 నుంచి 49 అయితే 20, 50 నిండితే 30. నడుము ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 తాకితే 10, ఇంకో పది పెరిగితే 20. అమ్మానాన్నల్లో ఒకరికుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. ఒళ్లు వంచని బతుకైతే 30. మొత్తం 60 తాకితే వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. టైలర్ దగ్గరి టేపు చాలు. దీనికి జీపీయూ అక్కర్లేదు, అందుకే దీని మీద ఎవరూ పీహెచ్‌డీ చేయరు.

థీసిస్‌లో వేరేవాళ్ల రాతలతో పోలికల శాతం 10 దాటకూడదని యూజీసీ 2018లో రూల్ పెట్టింది కదా, దానికి మన విరుగుడు మాటలు మార్చే సాఫ్ట్‌వేర్. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ "కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్" అయింది. బ్రెస్ట్ క్యాన్సర్ "బోజమ్ పెరిల్" అయింది. ఇవి నా కల్పన కాదు, 2021లో ఫ్రాన్స్, రష్యా పరిశోధకులు ముగ్గురు ఇలాంటి మాటల జాబితానే తీశారు. రొమ్ము క్యాన్సర్‌ని "వక్షోగండం" అని రాసిన మనిషి రేపు క్లాసులో పాఠం చెప్తాడు, పిల్లలు రాసుకుంటారు.

కంప్యూటర్ వాళ్లనే తిట్టి మేనేజ్‌మెంట్ వాళ్లని వదిలేస్తే పాపం. ఆ 384 గోల నాకు ఎన్నేళ్ల నుంచో కడుపులో ఉంది. ఎంబీఏ ప్రాజెక్టు దగ్గర్నుంచి పీహెచ్‌డీ దాకా ఏ థీసిస్ తెరిచినా శాంపిల్ 384. 1970లో క్రెజ్సీ, మోర్గన్ ఇచ్చిన పట్టికలో పది లక్షల జనాభాకి ఎదురుగా ఉన్న అంకె అది. 1.96 వర్గాన్ని 0.25తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే వస్తుంది. కానీ అది లాటరీ తీసినట్టు, జనంలో ప్రతి ఒక్కరికీ సమాన అవకాశమిచ్చి ఎంచుకున్నప్పటి లెక్క. గూగుల్ ఫారం లింకుని పీజీ హాస్టల్ గ్రూపు, కాలేజీ బ్యాచ్ గ్రూపు, బావమరిది ఆఫీసు గ్రూపుల్లో పడేసి, 384 రాగానే ఆపేసి, "బెంగళూరు వినియోగదారులు" అని రాస్తే ఎలా? అది బెంగళూరు కాదు, మీ ఫోన్‌బుక్కు. పైగా క్రాన్‌బాక్ ఆల్ఫా (జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె, 1 దగ్గరికెళ్తే గొప్ప) 0.96 వచ్చిందని మురిసిపోతారు. ఒకే ప్రశ్నని నాలుగు రకాలుగా తిప్పి అడిగితే, నింపేవాడు విసుగొచ్చి అన్నిటికీ 4 కొట్టుకుంటూ పోతే ఆల్ఫా రాక ఏం చేస్తుంది? మధ్యలో రెండు తిరగేసిన ప్రశ్నలు (ముందు అవునన్నవాడు ఇక్కడ కాదనాల్సినవి) పెట్టి ఉంటే వాడి బండారం అక్కడే బయటపడేది. పెట్టరు. పెడితే 384 కాస్తా 210 అవుతుంది.

ఇది టైప్ చేస్తుండగానే అదే గ్రూపులో ఇంకో లింకు పడింది. అదే సార్. "ఏఐ ఆరోగ్య యాప్‌లపై ప్రజల నమ్మకం, జస్ట్ 2 మినిట్స్, ప్లీజ్." మొత్తం 52 ప్రశ్నలు. మొదటి లైన్లో మీ వివరాలు పూర్తిగా గోప్యం అని ఉంది. రెండో లైన్లో పేరు, ఫోన్ నంబరు, పక్కన ఎర్ర స్టార్.