పది వేల డాలర్ల హైలక్స్‌ని అమెరికా బ్యాన్ చేసిందా? అసలు అడ్డు కోళ్ల గొడవ దగ్గర మొదలైంది

మా డాలస్ తెలుగు గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: 1983లో అమెరికాలో చిన్న పికప్ 6 వేల డాలర్లు, ఇప్పుడు 60 వేలు, అంటే పది రెట్ల దోపిడీ. టయోటా థాయ్‌లాండ్‌లో 10 వేల డాలర్లకే హైలక్స్ ఛాంప్ అమ్ముతోంది, అమెరికా పొల్యూషన్ రూల్స్ పేరు చెప్పి దాన్ని బ్యాన్ చేసింది. పాత ట్రక్కులు ఉక్కు, కొత్తవి డబ్బాలు. మా బావమరిది కూడా పంపాడు, "చూడు బావా, మనల్ని ఎలా ముంచుతున్నారో" అని. రేట్లు చూసి నాకూ కడుపు మండుతుంది, కానీ ఆ వీడియోలో చెప్పిన కారణాలు చాలావరకు తప్పు.

ముందు ఆ పది రెట్ల సంగతి. 1983లో 6 వేల చిల్లర అన్నది ఫోర్డ్ రేంజర్ బేస్ మోడల్ రేటు, అంటే అప్పట్లో ఫోర్డ్ అమ్మిన పికప్పుల్లో చిన్నది, అందులోనూ ఏ ఆప్షన్లూ లేనిది. 60 వేలేమో ఇప్పుడు జనం కొంటున్న పెద్ద పికప్పుల యావరేజ్‌కి దగ్గర్లోది, నాలుగు డోర్లు, పెద్ద స్క్రీన్, ఫోర్ వీల్ డ్రైవ్ అన్నీ కలిపి. ప్లేట్ ఇడ్లీ రేటు పట్టుకొచ్చి పెళ్లి భోజనం రేటు పక్కన పెట్టినట్టుంది ఇది. పైగా 1983 నుంచి 2024కి ఇన్ఫ్లేషన్ లెక్కేస్తే ధరలన్నీ మూడు రెట్లు దాటాయి, కాబట్టి ఆ 6 వేల చిల్లర ఇప్పటి డబ్బుల్లో 19 వేల పైమాటే. ఫోర్డ్ వాళ్ల కొత్త చిన్న పికప్ మావెరిక్, దాని 2022 మోడల్ మొదలైన రేటు ఎంతో తెలుసా, 19,995 డాలర్లు, అదీ హైబ్రిడ్ ఇంజన్‌తో.

అలాగని అంతా బాగుందని అనట్లేదు. అదే మావెరిక్ 2025 మోడల్‌కి వచ్చేసరికి 26 వేలు దాటింది. నేను 2022లో ఒక డీలర్ దగ్గరికెళ్తే కంపెనీ స్టిక్కర్ రేటు కంటే ఇంకో 5 వేలు ఎక్కువ అడిగారు, ఎందుకండీ అంటే డిమాండ్ అలా ఉందన్నారు, వచ్చేశాను. పెద్ద ట్రక్కుల్లో అయితే 2024 ఫోర్డ్ ఎఫ్-150లో అన్నిటికన్నా చవక వేరియంటే 36 వేల పైన. ఇన్ఫ్లేషన్ కలిపి చూసినా పెరిగాయి, ఒప్పుకుంటా. పది రెట్లు మాత్రం కాదు.

ఇక అసలు విషయం, బ్యాన్. హైలక్స్ ఛాంప్ 2023 నవంబర్‌లో థాయ్‌లాండ్‌లో 4,59,000 బాత్‌లకు మొదలైంది, అంటే దాదాపు 13 వేల డాలర్లు. పది కాదు. దాన్ని ఎవరూ బ్యాన్ చేయలేదు, టయోటా అసలు దాన్ని అమెరికా కోసం తయారే చేయలేదు. ఎందుకు చేయలేదు అంటే 1960ల దాకా వెళ్లాలి. అప్పట్లో అమెరికా చవక కోడిమాంసం యూరప్ మార్కెట్‌ని ముంచెత్తుతుంటే వాళ్లు దాని మీద సుంకం పెంచారు, దానికి బదులుగా అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్ 1963 డిసెంబర్‌లో బంగాళాదుంప స్టార్చ్, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, వీటితోపాటు లైట్ ట్రక్కుల (పికప్పులు, సామాన్ల వ్యాన్ల లాంటివి) మీద 25 శాతం సుంకం వేశాడు, ట్రక్కుల విషయంలో గురి జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ మీద. అదే చికెన్ టాక్స్. మిగతావాటి మీద తర్వాత తీసేశారు, ట్రక్కుల మీద మాత్రం అలాగే ఉండిపోయింది, అరవై ఏళ్లు దాటిపోయింది.

దీన్ని తప్పించుకోడానికి కంపెనీలు పడ్డ పాట్లు చూస్తే ఆ 25 శాతం ఎంత బరువో అర్థమవుతుంది. జపాన్ నుంచి బెడ్ (వెనక సామాన్లు వేసే తొట్టి) లేకుండా ఉత్త క్యాబిన్, ఛాసీ తెస్తే సుంకం 4 శాతమే, అందుకని షెవీ లవ్, ఫోర్డ్ కొరియర్ అనే చిన్న పికప్పుల్ని అలాగే తెచ్చి ఇక్కడ బెడ్ బిగించేవాళ్లు, టయోటా అయితే కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లో బెడ్లు చేయించుకునేది. 1980లో ఆ దారి మూసేశారు. సుబారు తన బ్రాట్ పికప్ బెడ్‌లో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది తక్కువ సుంకం పడే కారే అని చూపించింది. ఫోర్డ్ టర్కీ నుంచి ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనక సీట్లతో తెచ్చి, పోర్టు దాటాక సీట్లు పీకేసి సామాన్ల బండిగా అమ్మింది, ఆ సుంకం కేసులో 2024లో 365 మిలియన్ డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. 13 వేల బండి మీద 25 శాతం, షిప్పు ఖర్చు, అమెరికా క్రాష్ టెస్టులకు తగ్గట్టు మార్పులు, ఇవన్నీ వేసుకుంటే ఇంక చవకేముంది?

మరి పొల్యూషన్ రూల్స్‌కి ఏ సంబంధమూ లేదా? కొంత ఉంది, కానీ వీడియోలో చెప్పినట్టు కాదు. 2011 మోడల్ నుంచి ప్రభుత్వం కంపెనీలకిచ్చే మైలేజీ టార్గెట్‌ని బండి కొలతను బట్టి, అంటే నాలుగు చక్రాల మధ్య ఎంత జాగా ఉందో దాన్ని బట్టి పెట్టారు. బండి చిన్నదైతే టార్గెట్ ఎక్కువ, పెద్దదైతే తక్కువ. దాంతో చిన్న పికప్ చేయడం కంటే పెద్దది చేయడమే కంపెనీకి తేలిక, లాభమూ పెద్దదాంట్లోనే ఎక్కువ. పాత చిన్న రేంజర్ ఇక్కడ ఆగిపోయింది కూడా 2011 డిసెంబర్‌లోనే, అది దీనివల్లే అని నేను అనను, అప్పటికే అమ్మకాలు బాగా పడిపోయాయి.

పాతవి ఉక్కు అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1983 రేంజర్ బేస్ ఇంజన్ 70 చిల్లర హార్స్‌పవర్, ఎయిర్‌బ్యాగ్ ఒక్కటీ లేదు. ఈ మావెరిక్ హైబ్రిడ్ 191. వెనక కెమెరా 2018 మే నుంచి తప్పనిసరి చేశారు, డ్రైవ్‌వేలో పిల్లలు ఆడుకునే ఇళ్లవాళ్లకి అది ఎంత ముఖ్యమో చెప్పాలా? ఇంకోటి, 60ల, 70ల నాటి ఫోర్డ్ ఎఫ్ సిరీస్ పికప్పుల్లో పొడవులో 64 శాతం బెడ్, 36 శాతం క్యాబిన్, ఇప్పుడది తిరగబడి బెడ్ 37 శాతమే. అంటే జనం పనిబండి కాదు, ఫ్యామిలీ కారు కొంటున్నారు, రేటూ అలాగే ఉంది.

వీడియో చివర్లో ఇండియా వెళ్తే ఇదే హైలక్స్ కారుచవక అన్నాడు, అది మరీ అన్యాయం. మన దగ్గర హైలక్స్ 2022లో మొదలైన రేటు 33.99 లక్షలు, అప్పటి రేటు ప్రకారం 45 వేల డాలర్లకు దగ్గర. అది నాలుగు డోర్ల ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి, థాయ్‌లాండ్ ఛాంప్ కానే కాదు, పేరు ఒకటే. మా బావమరిదికి ఇదంతా వాయిస్ మెసేజ్ పెట్టాను, ఆ వీడియో పంపిన మిగతా గ్రూపుల్లో కూడా వెయ్యమన్నాను.