గుండెకు కోటా ఉందట, వ్యాయామం చేస్తే అయిపోతుందట!

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది, ఎప్పటికప్పుడు కొత్త గుడ్ మార్నింగ్ పువ్వులు తగిలించుకుని మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. అందులో చెప్పేది ఇది: గుండె జీవితకాలంలో ఇన్నిసార్లే కొట్టుకోగలదు, వ్యాయామం చేస్తే ఆ లెక్క తొందరగా ఖర్చయిపోతుంది, కుందేలు గెంతీ గెంతీ పదేళ్లకే పోతుంది, తాబేలు కదలకుండా 150 ఏళ్లు బతుకుతుంది, పైగా పరిగెడితే బీపీ పెరిగి నరాలు చిట్లుతాయి, జిమ్‌లో ఎంతమంది కుప్పకూలలేదు? కాబట్టి హాయిగా పడుకోండి. మొదట్లో ఇది జోకే. కానీ మా ఫ్యామిలీ గ్రూపులో ఇద్దరు పెద్దవాళ్లు దీన్ని చూపించి పొద్దుటి నడక మానేశారు, అందుకే ఒక్కో ముక్కా పట్టుకుని జవాబు రాస్తున్నా.

ముందు ఆ కోటా సంగతి. అలాంటి కోటా ఏదీ లేదు. సరే, ఉందనే అనుకుందాం, లెక్క వేయండి. కదలకుండా కూర్చునే మనిషికి పల్స్ నిమిషానికి 72 అనుకుంటే రోజుకు 1,03,680 సార్లు. నెలల తరబడి రోజూ గంటసేపు గట్టిగా నడిచే మనిషికి విశ్రాంతిలో పల్స్ 60కి దిగిందనుకోండి, ఆ గంటలో 130 చొప్పున 7,800, మిగతా 23 గంటల్లో 82,800, మొత్తం 90,600. రోజుకు 13 వేలు మిగిలాయి! అందరికీ 60కి దిగదు, నిజమే, 67కి దిగినా ఈ లెక్కలో లాభమే. ఎందుకు దిగుతుందంటే, అలవాటు పడిన గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, నిమిషానికి కావాల్సిన ఐదు లీటర్లూ తక్కువ దెబ్బల్లో అయిపోతాయి. ఇంకో మంచి సంగతి, గుండె కండకు, ముఖ్యంగా ఎడమ జఠరికకు (ఒళ్లంతటికీ రక్తం తోసే కింది గదికి), రక్తం ఎక్కువగా అందేది అది ముడుచుకున్నప్పుడు కాదు, వదులైనప్పుడు. పల్స్ నెమ్మదించే కొద్దీ ఆ వదులు సమయం పెరుగుతుంది.

జంతువుల వాదన ఇంకా వింత. గుర్రం విశ్రాంతిగా నిలబడి ఉన్నప్పుడు దాని పల్స్ నిమిషానికి 30-40 మధ్య, అంటే మన దాంట్లో సగం, మరి మనకు రెట్టింపు కాలం బతకాలి కదా? బతికేది పాతిక, ముప్ఫై ఏళ్లు. తాబేలు శీతరక్త జీవి, దాని జీవక్రియే వేరు, దాన్ని చూసి మన నడక మానుకోవడం ఏమిటో! ఇదే మెసేజ్ ఇంకో వెర్షన్‌లో తిమింగలం రోజంతా ఈదినా లావుగానే ఉందని వెక్కిరింపు కూడా ఉంటుంది. ఆ తిమింగలాల్లోనే బోహెడ్ అనే రకం 200 ఏళ్లు దాటి బతుకుతుందని రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

పడుకుంటే గుండె మిగులుతుందా? ఇది చేసి చూసిన పనే. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం తగ్గింది, శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, అదే ఐదుగురూ యాభైల్లో ఉండగా మళ్లీ పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్లు వయసు పెరగడం చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. అంతకుముందు 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని చూసింది: కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వచ్చింది.

ఇక బీపీ. ఇందులో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదకరం. పరిగెడుతున్నప్పుడు పై నంబరు 120 నుంచి 160, 180 దాకా పోతుంది, ఆరోగ్యవంతుడికి కూడా. కింద నంబరు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది, కొందరిలో కాస్త దిగుతుంది. ఎందుకంటే పనిచేస్తున్న కండరాల్లో చిన్న రక్తనాళాలు బాగా విచ్చుకుంటాయి; విశ్రాంతిలో కండరాలకు పోయేది గుండె తోసే రక్తంలో ఐదో వంతు, గట్టి పరుగులో అది 80 శాతం దాటుతుంది, ఆ మేరకు పేగులకు, కిడ్నీలకు కోత. రక్తం జోరుగా పారితే నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలి గోడను సడలిస్తుంది, ఈ వాయువు పాత్ర కనిపెట్టినందుకే 1998 నోబెల్ ఇచ్చారు. ఆపాక కొన్ని గంటలపాటు బీపీ మామూలు కంటే తక్కువే ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తేవాళ్లు, అప్పుడు రెండు నంబర్లూ ఎగబాకుతాయి, కుర్ర లిఫ్టర్ల ధమనిలో గొట్టం పెట్టి కొలిస్తే పై నంబరు 300 దాటింది. బీపీ ఉన్నవాళ్లు ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి.

చివరగా జిమ్ వీడియోలు. శ్రమ చేస్తున్న గంటలో గుండెపోటు ముప్పు పెరుగుతుంది, కాదనను. కానీ ఎవరికి? 1993లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఎప్పుడోగానీ ఒళ్లు వంచనివాళ్లు ఉన్నట్టుండి గట్టి శ్రమ చేస్తే ఆ కాసేపు ముప్పు వంద రెట్లకు పైగా, వారానికి ఐదుసార్లు అంతకు మించి చేసేవాళ్లకు రెండున్నర రెట్ల లోపు. (ఒక్క గంటలో ఉండే అసలు ముప్పు చాలా చిన్నది, కాబట్టి వంద రెట్లని బెదిరిపోకండి.) పెద్దవాళ్లలో సాధారణంగా కారణం గుండె రక్తనాళాల్లో ముందే ఉన్న పూడిక, కుర్రాళ్లలో చాలాసార్లు పుట్టుకతో వచ్చే గుండె లోపాలు. అంటే నలభై దాటాక ఏళ్లతరబడి కుర్చీలో ఉండి, పెళ్లికి నెల ముందు ట్రెడ్‌మిల్ ఎక్కి ఉరకడం వద్దు, నడకతో మొదలుపెట్టి వారాల మీద పెంచండి, ఆపేటప్పుడు కూడా టక్కున ఆపకుండా నెమ్మదిగా ఆపండి, లేకపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. నడుస్తున్నప్పుడు ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి, ఆగితే తగ్గిపోతుంటే, దాన్ని గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోవద్దు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్ వచ్చినా సరే, నొప్పి నడకలోనే వస్తోందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) అవసరమా కాదా ఆయనే తేలుస్తారు. నడక ఆపినా తగ్గని నొప్పయితే ఆ ఆలోచన కూడా వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.