స్కాన్ కాగితం మీద పాత క్యాన్సర్ సంగతి ఎందుకు రాయరు?

స్కాన్‌కి పంపే కాగితం మీద "కడుపు నొప్పి" అని రెండు ముక్కలు గీకి పంపే డాక్టర్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మనిషికి పదేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిందన్న సంగతి అందులో ఎక్కడా ఉండదు. స్కాన్ చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టేమైనా జ్యోతిష్యుడా?

రొమ్ము క్యాన్సర్ పాకితే ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు అని అందరూ చెబుతారు. కానీ లోబ్యులార్ అని ఒక రకం ఉంది. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 10–15 ఇవే. కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ వీటిలో చాలావరకు ఉండదు. దాంతో ఇవి గడ్డ కట్టకుండా, ఒకదాని వెనక ఒకటి బారులు తీరి దూరిపోతాయి. ఒక్కోసారి మామోగ్రామ్‌కే చిక్కవు. జీర్ణాశయం, పేగులు, అండాశయాలు, ఆఖరికి కంటి గూటిలోకి కూడా చేరతాయి. అక్కడ చేరితే కన్ను ముందుకు పొడుచుకు రాకుండా లోపలికి కుంగడం కూడా ఉంది! అదీ ఏళ్ళు గడిచాక, అందరూ మరిచిపోయాక.

జీర్ణాశయం సంగతే చూడండి. సీటీలో గడ్డ ఉండకపోవచ్చు. గోడ మాత్రం మందంగా, బిగుసుకుపోయి ఉంటుంది, అచ్చం అక్కడే పుట్టిన క్యాన్సర్‌లా. ఎండోస్కోపీలో పైపొర మామూలుగానే కనిపించొచ్చు, కణాలు ఉండేది కింది పొరల్లో కాబట్టి. పైపైన ముక్క తీస్తే బయాప్సీ నార్మల్. లోతుగా తీసినా, ఆ ముక్కను మైక్రోస్కోపులో చూసే పాథాలజిస్టుకు పాత కథ తెలియకపోతే, కణాలు రొమ్ము నుంచి వచ్చాయేమో తేల్చే ఈస్ట్రోజన్ రిసెప్టర్, గాటా3 పరీక్షలు చేయాలని తట్టాలి కదా. తట్టకపోతే హార్మోన్ మందులతో చికిత్స మొదలుపెట్టాల్సిన మనిషికి జీర్ణాశయం తీసేసే ఆపరేషన్ గురించి మాట్లాడతారు.

"పెట్ స్కాన్ క్లీన్, టెన్షన్ వద్దు" అనే మాట కూడా నాకు నచ్చదు. మామూలు పెట్ స్కాన్ గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కునే చోట్లను చూపిస్తుంది. లోబ్యులార్ కణాలు చాలాసార్లు అంతగా లాక్కోవు. ఈస్ట్రోజన్ రిసెప్టర్లను పట్టి చూపే ఎఫ్‌ఈఎస్ పెట్ అనే ఇంకో రకం స్కాన్‌లో వాడే మందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో అనుమతి ఇచ్చింది. మంచిదే, కానీ ఆ మందు కాలేయంలో ఎటూ పేరుకుంటుంది కాబట్టి అక్కడి మచ్చలు దానికి సరిగా దొరకవు.

అలాగని ఏ బాధా లేనివాళ్ళు ఏటా ఒళ్ళంతా స్కాన్ చేయించుకోమని నేననను. తొలి దశలో చికిత్స పూర్తయినవాళ్ళకు మార్గదర్శకాలు కూడా అలా చెప్పవు. నేను చెప్పేది తగ్గని అజీర్తి, కొంచెం తిన్నా కడుపు నిండిపోవడం, పొట్ట ఉబ్బడం ఉన్నవాళ్ళ గురించి. కాగితంలో రాయకపోతే స్కాన్ గదిలో మీరే చెప్పండి. "పాత జబ్బు ఇప్పుడెందుకమ్మా" అన్నా వినకండి. మొదటి బయాప్సీ రిపోర్టులో లోబ్యులార్ అని ఉంటే, ఆ కాగితం జిరాక్స్ వాళ్ళ చేతిలో పెట్టండి.