108కి ఫోన్ చేయడానికి భయమెందుకు?

బెంగళూరులో డ్రగ్స్ పట్టుబడ్డాయంటే ఇప్పుడెవరూ ఉలిక్కిపడటం లేదు. 2025 మార్చిలో మంగళూరు పోలీసులు ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఇద్దరు దక్షిణాఫ్రికా మహిళల నుంచి 37 కిలోలకు పైగా ఎండీఎంఏ అనే పార్టీ డ్రగ్ పట్టుకున్నారు. విలువ 75 కోట్లన్నారు. కిలోలు, కోట్లు చదివి పేజీ తిప్పేశాం. అలాంటి సరుకు కొనేవాడికి అందులో అసలేముందో తెలుసా అన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

అమెరికా కొంప ముంచింది అదే. అక్కడ వీధుల్లో అమ్మే నకిలీ బిళ్లలు చూడ్డానికి అచ్చం మందుల షాపు మాత్రల్లాగే ఉంటాయి. అదే రంగు, అదే ముద్ర. లోపల మాత్రం ల్యాబ్‌లో తయారయ్యే ఫెంటనిల్ అనే మత్తుమందు. అది హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు ఘాటైనది, 2 మిల్లీగ్రాములు చాలు మనిషి ప్రాణం పోవడానికి. 2023లో అక్కడి మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ పరీక్షించిన ఫెంటనిల్ బిళ్లల్లో ప్రతి పదింటిలో ఏడింట్లో ప్రాణం తీసే మోతాదు ఉంది. వీటిని తయారుచేసేది ఫ్యాక్టరీలో కాదు, ఏ గదిలోనో చిన్న మిషన్ పెట్టి అచ్చు వేస్తారు. సరిగ్గా కలపని పులిహోరలో ఇంగువంతా ఒక్క ముద్దలోనే తగిలినట్టు, మందంతా ఒకే బిళ్లలో చేరొచ్చు. స్నేహితుడు వేసుకుంటే ఏమీ కాలేదు కదా అన్న ధీమా అందుకే పనికిరాదు.

‘మన దగ్గర ఫెంటనిల్ ఎక్కడుందండీ’ అనొచ్చు. నిజమే, ఇక్కడ ఎక్కువగా దుర్వినియోగమయ్యేవి ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలే. కానీ 2018లోనే ఇందౌర్‌లో ఒక దొంగ ల్యాబ్‌పై కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం (డీఆర్‌ఐ) దాడి చేస్తే దాదాపు 9 కిలోల ఫెంటనిల్ దొరికింది. 2025 మార్చిలో ఫెంటనిల్ ముడిపదార్థాల విషయంలో హైదరాబాద్ ఫార్మా కంపెనీ ఒకదానిపై అమెరికాలో అభియోగాలు నమోదయ్యాయి. 2019 ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు, అంటే నల్లమందు, హెరాయిన్, ఫెంటనిల్ తరహా మందులు వాడేవారు 2.26 కోట్ల మంది. వాళ్లలో చాలామందికి మాత్రలు మింగడం ముందే అలవాటు. నకిలీ బిళ్ల అమ్మేవాడికి కొత్తగా గిరాకీ వెతుక్కునే పనే లేదు.

హెరాయిన్ కరువైనప్పుడు దాని జాగాలోకి ఏమొస్తుందో చరిత్రలో చూశాం. 2000లో తాలిబన్లు హెరాయిన్‌కు ముడిసరుకైన నల్లమందు సాగు ఆపించాక ఎస్టోనియాలోకి ఫెంటనిల్ దిగింది. 2022లో మళ్లీ నిషేధించారు, ఏడాదిలో అఫ్గాన్ సాగు 95 శాతం పడిపోయింది. ఇప్పుడు యూరప్‌లో నైటజీన్లు అనే ల్యాబ్ ఓపియాయిడ్లు ప్రాణాలు తీస్తున్నాయి. వాటిలో కొన్ని ఫెంటనిల్‌నే మించినవి. ఆ అఫ్గాన్ హెరాయిన్ మనకూ వచ్చేదే. 2021లో ముంద్రా పోర్టులో దొరికిన దాదాపు 3,000 కిలోలు విజయవాడ చిరునామా ఉన్న సంస్థ పేరు మీద వచ్చాయని మర్చిపోయామా?

ఇక మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఒక పీజీ ఊహించుకోండి. త్రీ షేరింగ్ గది, అనంతపురం, కడప, ఒంగోలు కుర్రాళ్లు. శనివారం రాత్రి ఒకడు పార్టీ నుంచి వచ్చి పడిపోయాడు. గొంతులో గరగరమని గురక. ‘పడుకోనీరా, పొద్దున్నకి దిగిపోతుంది’ అంటాడు పక్కవాడు. అది నిద్ర కాకపోవచ్చు. ఓపియాయిడ్ మోతాదు మించితే ఊపిరి తీసుకొమ్మని మెదడు ఇచ్చే సంకేతమే మందగిస్తుంది. పెదాలు నీలంగా మారతాయి, కనుపాపలు చుక్కల్లా కుంచించుకుపోతాయి, తట్టినా లేవడు. ఎండీఎంఏ అనుకుని కొన్న సరుకులో ఓపియాయిడ్ ఉంటే, కొన్నవాడికి దాని అలవాటే ఉండదు కాబట్టి చిన్న మోతాదు కూడా అతనికి ఎక్కువే.

అప్పుడు 108కి ఫోన్ చేయాలి. చేస్తారా? పోలీసులొస్తే? పీజీ ఓనర్ బయటికి గెంటేస్తే? ఆఫీసులో, ఇంట్లో తెలిస్తే? ఈ టెన్షన్‌లోనే అరగంట గడిచిపోతుంది. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాడికి 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ కల్పించారు. మత్తుమందు విషయంలో మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ తానుగా చికిత్సకు వచ్చే బాధితుడికి కొంత ఊరట ఇస్తుంది. ఫోన్ చేసిన స్నేహితుడి ఊసు అందులో లేదు. నా దృష్టిలో ముందు మార్చాల్సింది ఇదే. దాడులు చేయొద్దని ఎవరూ అనరు, కానీ ఎన్ని దాడులు చేసినా ఆ గదిలో ఉన్నవాడికి ఊపిరి రాదు.

రెండోది నాలోక్సోన్. ఓపియాయిడ్ ప్రభావాన్ని నిమిషాల్లో తిప్పికొట్టే మందు ఇది. నాలోక్సోన్ ప్రభావం దిగాక మళ్లీ ఊపిరి మందగించొచ్చు కాబట్టి ఆస్పత్రికి వెళ్లక తప్పదు. దగ్గరున్నవాళ్లే ఇవ్వగలిగేలా ఈ మందు అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. అమెరికాలో 2023 నుంచి ముక్కులో కొట్టే స్ప్రేగా చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన పీజీలో ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే దూది, డెట్టాల్, ఎప్పుడో గడువు తీరిన బర్నాల్ ఉంటాయి, అవైనా ఉంటే. ల్యాబ్‌లో కొత్త రకం సరుకు తేలినప్పుడు ఆ కబురు వెంటనే ఆస్పత్రులకు, జనానికి చేరే పద్ధతి కూడా కావాలి. కోర్టు ఫైల్లో పడున్న రిపోర్టు ఎవరినీ కాపాడదు. మానసిక ఆరోగ్య, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉన్న ఊరు కాబట్టి దీన్ని బెంగళూరులో మొదలుపెట్టడం కష్టమేమీ కాదు.

అలవాటు మానాలనుకునేవాళ్లు, ఇంట్లో ఎవరి గురించైనా దిగులు పడుతున్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. కళ్లముందు మనిషి ఊపిరి మందగిస్తుంటే మాత్రం అది కాదు, నేరుగా 108. అంబులెన్స్ వచ్చేదాకా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలొద్దు. ఏం వేసుకున్నాడో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.